తాండహింబా జీడిపిక్కలను నేరుగా రైతు దగ్గర కొనవచ్చా? ఆ జిల్లా నేల, బతుకుతెరువు, పాలన గురించి తెలిసినవారు చెప్పగలరు

ఓడరేవు శ్రీనివాస్, విశాఖపట్నం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నం ఓడరేవు దగ్గర కస్టమ్స్ క్లియరెన్స్ పనులు చూసే ఒక కార్యాలయంలో ఉద్యోగిని. ఏటా చలికాలంలో పలాస కర్మాగారాల కోసం తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చే ముడి జీడిపిక్కల కంటైనర్ల కాగితాలు మా బల్ల మీదుగానే వెళ్తాయి. టాంజానియా సరుకైతే ఎగుమతి రేవు మ్త్వారా అని, సరుకు పుట్టిన చోటు తాండహింబా అనో నెవాలా అనో రాసి ఉంటుంది. ఆ పేర్లు ఇన్నాళ్లుగా చూస్తున్నా, ఆ ఊళ్లు ఎలా ఉంటాయో, అక్కడివారు ఎలా బతుకుతారో ఎప్పుడూ ఆరా తీయలేదు.

ఇప్పుడు అవసరం పడింది. పలాసలో చిన్న జీడి కర్మాగారం నడుపుతున్న మా పరిచయస్థుడొకరు వచ్చే సీజనుకు తానే స్వయంగా తాండహింబా వెళ్లి, రైతుల ఇళ్ల దగ్గరే పిక్కలు కొని, మ్త్వారాలో ఓడకెక్కించాలని ఆలోచిస్తున్నారు. మధ్యవర్తుల కమీషను మిగులుతుందని, జిల్లా కార్యాలయంలో ఒక లైసెన్సు తీసుకుంటే సరిపోతుందని ఆయన నమ్మకం. ఎగుమతిదారు తరఫు మనిషిని అడిగితే "అక్కడ అలా కుదరదు" అన్నాడు కానీ, ఎందుకు కుదరదో చెప్పలేదు. 2018లో సైన్యం లారీలు వచ్చి పంటంతా ఎత్తుకెళ్లాయని కూడా ఆయన ఎక్కడో విన్నారట.

ఆ జిల్లాలో నేల ఎలాంటిది, జీడి కాక ఇంకేం పండుతుంది, అమ్మకాలు ఏ పద్ధతిలో జరుగుతాయి, జిల్లాలో అసలు అధికారం ఎవరిది? ఈ విషయాలు తెలిసినవారు కాస్త వివరంగా రాస్తే, డబ్బు పెట్టకముందే ఆయనకు చూపిస్తాను.


భూగోళం మాస్టారు, ఎంవీపీ కాలనీ

శ్రీనివాస్ గారూ, అమ్మకాల సంగతి వ్యాపారులు చెబుతారు. నేను నేల, నీరు వరకే రాస్తాను, ఎందుకంటే అక్కడి మిగతా వ్యవహారమంతా వాటి మీదే నిలబడి ఉంది.

టాంజానియాకు ఆగ్నేయ మూలన, మొజాంబిక్‌తో సరిహద్దుగా ప్రవహించే రువుమా నదికి ఉత్తరాన మకోండే పీఠభూమి ఉంది. తీరం వైపు నుంచి పడమటికి వెళ్లేకొద్దీ నేల మెల్లమెల్లగా ఎత్తు పెరుగుతూ, నెవాలా దగ్గర పడమటి అంచుకు చేరేసరికి 700 మీటర్లు దాటి, అక్కడి నుంచి ఒక్కసారిగా నిటారుగా రువుమా లోయలోకి దిగిపోతుంది. నెవాలా ఆ అంచున కూర్చున్న పట్టణం. తాండహింబా దానికి తూర్పున, పీఠభూమి నడుమ ఉంటుంది. రెండూ ఒకప్పుడు ఒకే జిల్లా. 1990లలో తాండహింబాను విడదీశారు. 2012 జనాభా లెక్కల నాటికి తాండహింబా జనాభా సుమారు 2.27 లక్షలు. మన దగ్గర నాలుగైదు మండలాల జనాభా అనుకోవచ్చు.

అక్కడ వాన తక్కువేమీ కాదు. ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు మన విశాఖపట్నంలో కురిసినంత, నవంబరు చివర మొదలై ఏప్రిల్ దాకా ఒకే విడతగా కురుస్తుంది. అయినా పీఠభూమి మీద ఏడాది పొడవునా పారే వాగు ఒక్కటి కూడా కనిపించదు. కారణం నేల. లోతైన ఇసుక నేల కావడంతో పడిన వాన పడినట్టే జల్లెడలో పోసినట్టు దిగిపోయి, పీఠభూమి అడుగున అంచుల వెంట ఊటలుగా బయటపడుతుంది. అందుకే తరతరాలుగా అక్కడి ఆడవాళ్లు కుండ నెత్తిన పెట్టుకుని నీటి కోసం కొండ దిగి ఎక్కేవారు. 1950లలో వలస పాలకుల కాలంలోనే లోయల నుంచి పీఠభూమి మీదికి నీటిని పంపులతో ఎత్తిపోసే పథకం మొదలైంది. 1970లలో ఫిన్లండ్ సహాయంతో దాన్ని పెంచారు. నేటికీ కితంగారి లోయలో ఉన్న మిటెమా బోర్ల నుంచే ప్రధానంగా నీరు పైకి వెళ్తుంది. అంత ఎత్తుకు పంపు చేయాలంటే ఇంధనం, కరెంటు ఖర్చు భారీగా ఉంటుంది కాబట్టి, పంపు ఆగినా బిల్లు బకాయి పడినా ఊళ్లకు ఊళ్లు వాన నీటి తొట్ల మీదా, సైకిల్ మీద డబ్బాలతో నీళ్లమ్మే కుర్రాళ్ల మీదా ఆధారపడవలసి వస్తుంది.

ఇంత నీటి కరువు ఉన్నచోట మకోండే ప్రజలు ఎందుకు స్థిరపడ్డారని అడగవచ్చు. పీఠభూమి మీద దట్టమైన పొదలు ఉండేవి. బానిసల వేటగాళ్ల నుంచీ, పొరుగు తెగల దాడుల నుంచీ అవే వారికి రక్షణ. నీరున్న లోయలో ప్రాణభయంతో బతకడం కంటే నీరు లేని మిట్ట మీద నిశ్చింతగా ఉండడం మేలని వారు ఎంచుకున్నారు.

ఈ ఇసుక నేలకు వరి పనికిరాదు. వరి రువుమా వెంబడి పల్లపు భూముల్లో మాత్రమే పండుతుంది. పీఠభూమి మీద కడుపు నింపేది కర్రపెండలం. దానితోపాటు మొక్కజొన్న, జొన్న, అలసందలు, వేరుశనగ, కందులు వేస్తారు. కందుల గురించి ఒక మాట: మన ఇళ్లలో ఉడికే కందిపప్పులో టాంజానియా, మొజాంబిక్ కందులు కూడా ఉంటాయి. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం కందుల దిగుమతి మీద పరిమితి పెట్టినప్పుడు దక్షిణ టాంజానియా రైతు చేతిలో ఉన్న మరో నగదు పంటకు గిరాకీ పడిపోయింది. ఇక మొదటి నగదు పంట జీడి. లోతుగా వేళ్లు దించి ఎండాకాలాన్ని ఓర్చుకునే చెట్టు కాబట్టి ఆ నేలకు అది సరిగ్గా సరిపోయింది. బ్రెజిల్ నుంచి దాన్ని పోర్చుగీసువారే మన పడమటి తీరానికీ, మొజాంబిక్ తీరానికీ తెచ్చారు.

కాలం కూడా మనకు తిరగబడి ఉంటుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నందున అక్కడి చెట్లు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పూసి, అక్టోబరు నుంచి జనవరి దాకా పిక్క రాలుస్తాయి. మన ఉద్దానం పంట మార్చి నుంచి వస్తుంది. పలాస యంత్రాలు ఖాళీగా ఉండే నెలల్లోనే అక్కడ పంట చేతికి వస్తుంది కాబట్టి మీ బల్ల మీదికి ఆ కాగితాలు చలికాలంలో వస్తున్నాయి.


కాశీబుగ్గ వర్తకుడు, ప్రస్తుతం గాజువాక

మాస్టారు నేల గురించి చెప్పారు కాబట్టి నేను పంట దగ్గర మొదలుపెడతాను. కొనుగోలు సంస్థల తరఫున మ్త్వారాలో సరుకు నాణ్యత చూసే పని కొన్నేళ్లు చేశాను.

ముందుగా శ్రీనివాస్ గారి పరిచయస్థుడికి సూటిగా సమాధానం: రైతు ఇంటి దగ్గర ముడి పిక్కలు కొనడం అక్కడ చట్టవిరుద్ధం. పట్టుబడితే సరుకు పోతుంది, కేసు కూడా పడుతుంది. అలా కొనేవారు లేరని కాదు. ఊళ్లలో చిన్న వ్యాపారులు పంటకు ముందే, పిల్లల బడి ఖర్చుకో ఆకలి నెలల తిండికో డబ్బు అవసరమైన రైతుకు అప్పిచ్చి, పంట రాగానే గిన్నె కొలతతో చవకగా పిక్కలు తీసుకుంటారు. ఆ దొంగ కొనుగోలును అక్కడ కంగొంబా అంటారు. ప్రభుత్వం ఏటా దానిమీద హెచ్చరికలు చేస్తూనే ఉంటుంది, అది ఏటా జరుగుతూనే ఉంటుంది. ఇక్కడి నుంచి వెళ్లిన మనిషి దానిలో వేలు పెట్టకపోవడమే మంచిది.

చట్టబద్ధమైన దారి ఒక్కటే. రైతు పిక్కలను ఎండబెట్టి, బస్తాలో పోసుకుని తన ఊరి ప్రాథమిక సహకార సంఘం గిడ్డంగికి తీసుకెళ్తాడు. ఆ సంఘాలను అక్కడ ఆమ్‌కోస్ అంటారు. అక్కడ పిక్కను చూసి మేలు రకమా, తక్కువ రకమా తేల్చి, తూకం వేసి, రసీదు ఇస్తారు. ఊరి గిడ్డంగుల సరుకు పెద్ద గిడ్డంగికి చేరుతుంది. తాండహింబా, నెవాలా సంఘాలన్నిటికీ కలిపి తనెకు అనే సహకార సమాఖ్య ఉంది. వేలం నిర్వహించేది అదే. ఈ గిడ్డంగి రసీదు పద్ధతి మ్త్వారా ప్రాంతంలో 2007-08 సీజనులో మొదలైంది. అంతకుముందు, 1990లలో మార్కెట్టు తెరిచాక, ప్రైవేటు కొనుగోలుదారులు మన పరిచయస్థుడు కోరుకుంటున్నట్టే ఊళ్లోకి వెళ్లి కొనేవారు. తూకంలో మోసం, అయినకాడికి ధర, చేతిలో రొక్కం. రైతులకు నచ్చింది రొక్కం ఒక్కటే.

వేలం చూడవలసిన వ్యవహారం. కొనుగోలుదారులు ఎంత సరుకుకు ఎంత ధర అని రాసి మూసిన కవర్లు ఇస్తే, వాటిని వందల మంది రైతుల ఎదుట విప్పి ఒక్కొక్కటిగా చదివేవారు. సంస్థ పేరు, టన్నులు, కిలోకు షిల్లింగులు. ధర నచ్చితే చప్పట్లు, నచ్చకపోతే గుంపులోంచి "హాపానా" అనే కేక. హాపానా అంటే వద్దు. రైతులు ఒప్పుకోకపోతే ఆ రోజు సరుకు అమ్ముడుపోదు, మళ్లీ వేలమే. కొనుగోలుదారు పక్షాన కూర్చున్నవాడికి ఆ కేక వింటే గుండె జారుతుంది కానీ, మన దగ్గర ఏ మార్కెట్ యార్డులోనూ రైతుకు అంత గట్టి గొంతు నేను చూడలేదు. 2024 అక్టోబరు నుంచి వేలాన్ని టాంజానియా సరుకుల ఎక్స్ఛేంజి ద్వారా ఆన్‌లైన్‌లో నడుపుతున్నారు. ఆ సీజను మొదటి వేలాల్లో మేలు రకం ధర కిలోకు 4,000 షిల్లింగులు దాటింది.

నాణ్యత సంగతి పలాసవారికి తెలిసిందే. నమూనా తీసి, పిక్కలను నిలువునా కోసి, మంచి పప్పు, మచ్చ పప్పు, పుచ్చు వేరుచేసి తూచి, 80 కిలోల బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు వస్తుందో లెక్క కడతారు. 48 పౌన్లు పైన వస్తే మంచి సరుకే, మకోండే సరుకు 50 దాటడం కూడా మామూలే. తేమ పది శాతం లోపు ఉండాలి. లేకపోతే సముద్రం మీద బూజు పడుతుంది.

ఇక గంధకం. అక్కడి జీడికి ప్రధాన శత్రువు బూడిద తెగులు. పూత మీద తెల్లటి పొడి కప్పేసి పిందె పట్టనివ్వదు. జూన్ నుంచి తెల్లవారుజామున, ఆకుల మీద మంచు ఆరకముందే, వీపున మోటారు కట్టుకుని మనుషులు చెట్ల మధ్య తిరుగుతూ గంధకం పొడి చల్లుతారు. పసుపు పొగమంచులో చెట్టుకీ మనిషికీ తేడా తెలియదు. కనుబొమ్మల దాకా పసుపే. సమయానికి గంధకం అందకపోతే ఆ ఏడాది పంట పోయినట్టే లెక్క. ఈ తెగులు మీద అక్కడి నాలియెండెలే పరిశోధనా కేంద్రం చేసిన పని గొప్పది. 1973-74లో 1,45,000 టన్నులున్న దేశపు దిగుబడి 1980ల నడిమికి 20,000 టన్నుల లోపుకు పడిపోయి, మళ్లీ 2017-18లో 3 లక్షల టన్నులు దాటిందంటే, ఆ చికిత్సా పద్ధతులకు అందులో పెద్ద వాటా ఉంది. మరి ముందు పడిపోవడానికి తెగులు ఒక్కటే కారణం కాదు. 1970లలో ఉజామా అనే ప్రభుత్వ సామ్యవాద విధానం పేరిట చెల్లాచెదురుగా ఉన్న ఇళ్లను ఎత్తించి రోడ్ల పక్కన కొత్త గ్రామాలు కట్టించినప్పుడు, చెట్లు ఒకచోట, రైతులు ఒకచోట అయ్యారు. నడిచి వెళ్లి కలుపు తీయడానికి గిట్టుబాటు కాని ధర కూడా తోడవడంతో తోటలు అడవులయ్యాయి.

2018 సంగతి. ఆ ఏడాది అక్టోబరులో వేలం ధరలు 2,700 షిల్లింగుల లోపు పలికాయి. ముందు సీజనులో 4,000 దాకా చూసిన రైతులు ఒప్పుకోలేదు. అధ్యక్షుడు మగుఫులి కొనుగోలుదారులకు గడువు పెట్టి, నవంబరులో వ్యవసాయ, వాణిజ్య మంత్రులిద్దరినీ తొలగించి, మొత్తం పంటను ప్రభుత్వమే కిలో 3,300 షిల్లింగులకు కొంటుందని ప్రకటించి, రవాణాకు సైన్యాన్ని దించాడు. లారీలు వచ్చాయి, సరుకు వెళ్లింది. కంగొంబా సరుకును ఏరివేయడానికంటూ ఎవరికెన్ని చెట్లున్నాయో తనిఖీలు మొదలయ్యాయి, రైతు చేతికి డబ్బు రావడం మాత్రం నెలల తరబడి సాగింది. సరిగ్గా ఆ అక్టోబరులోనే ఇక్కడ తిత్లీ తుఫాను ఉద్దానం జీడితోటలను వేళ్లతో పెకలించేసింది. అక్కడ సరుకు గిడ్డంగిలో ఆగిపోయి, ఇక్కడ చెట్టే లేకుండా పోయి, పలాసలో ఆ సీజను ఎలా గడిచిందో కాశీబుగ్గ బజారులో ఎవరినడిగినా చెబుతారు.


విశ్రాంత పరిషత్ ఉద్యోగి, గోపాలపట్నం

జిల్లాలో అధికారం ఎవరిదన్న ప్రశ్న మిగిలింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థకు శిక్షణ కోసం వచ్చిన టాంజానియా స్థానిక పాలనాధికారులతో పరిచయమై, తరువాత వారి చట్టాలను శ్రద్ధగా చదివాను. జిల్లా పరిషత్తులో పనిచేసినవాడికి అందులో చాలా భాగం పరిచయమైన చుట్టంలా కనిపిస్తుంది.

అక్కడ మూడు రకాల అధికారాలు ఒకే జిల్లా కేంద్రంలో పక్కపక్కన ఉంటాయి. మొదటిది జిల్లా కమిషనర్. ఈయనను దేశాధ్యక్షుడే నియమిస్తాడు. శాంతిభద్రతల సంఘానికి అధ్యక్షుడు, ప్రభుత్వ విధానాలు అమలవుతున్నాయో లేదో చూసేవాడు. మన కలెక్టరుతో పోల్చాలని అనిపిస్తుంది కానీ, కలెక్టరు పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగి, ఈయనది రాజకీయ నియామకం. రెండవది జిల్లా కౌన్సిల్. ఒక్కో కాటా, అంటే వార్డు, నుంచి ఐదేళ్లకు ఒకసారి ఎన్నికయ్యే సభ్యులు, వారికి తోడు ప్రత్యేక స్థానాల్లో మహిళలు, స్థానిక పార్లమెంటు సభ్యుడు కలిసి కౌన్సిల్ అవుతారు. తమలో ఒకరిని అధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. మూడవది కార్యనిర్వాహక డైరెక్టరు. కౌన్సిల్ కార్యాలయం, సిబ్బంది, ఖాతాలు అన్నీ ఈయన చేతిలో ఉంటాయి. ఈయనను కూడా దేశాధ్యక్షుడే నియమిస్తాడు. తీర్మానం చేసేది ఎన్నికైనవారు, చెక్కు మీద సంతకం పెట్టేది నియమితుడు. ఈ రెండింటి మధ్య రాపిడి ఎలా ఉంటుందో మా తరం పరిషత్ ఉద్యోగులకు వివరించనక్కరలేదు.

కిందిస్థాయి మాత్రం నాకు ముచ్చటగా అనిపించింది. గ్రామంలో 18 ఏళ్లు నిండిన వారందరూ గ్రామసభ సభ్యులే. గ్రామ కౌన్సిల్లో 15 నుంచి 25 మంది దాకా ఉంటారు. గ్రామాధ్యక్షుడు ఎన్నికవుతాడు, పక్కన జీతం తీసుకునే కార్యనిర్వాహకుడు ఉంటాడు. గ్రామం కింద కితోంగోజి అనే పేటలకు కూడా ఎన్నికైన అధ్యక్షులుంటారు. 1999 నాటి గ్రామ భూముల చట్టం ప్రకారం ఊరి భూమిని చూసుకునే అధికారం గ్రామ కౌన్సిల్‌ది, కేటాయింపులకు గ్రామసభ ఆమోదం కావాలి. మన దగ్గర రెవెన్యూ శాఖ ఒక్క సెంటు భూమి మీద కూడా పంచాయతీకి ఆ హక్కు ఇవ్వదు.

ఈ వ్యవస్థ పుట్టిన చరిత్ర కూడా గుర్తుంచుకోవాలి. 1972లో తొలి అధ్యక్షుడు న్యెరెరే ప్రభుత్వం ఎన్నికైన జిల్లా కౌన్సిళ్లను రద్దు చేసి, కేంద్రం నుంచి అధికారులను పంపింది. 1976లో సహకార సమాఖ్యలను కూడా రద్దు చేసి, పంటల కొనుగోలును ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది. పదేళ్లు తిరిగేసరికి రెండింటినీ వెనక్కి తేవలసి వచ్చింది. 1982లో చేసిన చట్టాలతో స్థానిక సంస్థలూ, సహకార సంఘాలూ మళ్లీ లేచి నిలబడ్డాయి. అంటే వర్తకుడు గారు చెప్పిన సహకార సంఘమూ, నేను చెబుతున్న జిల్లా కౌన్సిలూ కలిసి పడి, కలిసి లేచినవే.

అసలు చిక్కుముడి డబ్బు దగ్గర ఉంది. ఉపాధ్యాయుల, వైద్య సిబ్బంది జీతాలతో సహా కౌన్సిల్ ఖర్చులో అధిక భాగం కేంద్రం ఇచ్చేదే. సొంత రాబడి చిన్నది. ఒకప్పుడు పెద్దవారందరి మీద తలకింత అని వేసే అభివృద్ధి పన్నును 2003లో రద్దు చేశారు. అది వసూలు చేయడానికి మనుషులను వెంటాడే రోజులు పోవడం మంచిదే కానీ, గ్రామీణ కౌన్సిళ్లకు మిగిలింది ప్రధానంగా పంట సెస్సు. ఒకప్పుడు ధరలో 5 శాతం దాకా ఉండేది. 2017లో దాన్ని తగ్గించి, నగదు పంటలకు 3 శాతం చేశారు. చట్టం ప్రకారం అది కట్టవలసింది కొనుగోలుదారు. తాండహింబా లాంటి చోట ఆ సెస్సు అంటే జీడి సెస్సే. పిక్క ధర పెరిగితే బడిగది లేస్తుంది, ధర పడితే పునాది దగ్గరే ఆగిపోతుంది. ఆ సొంత రాబడిలో కూడా పదో వంతును మహిళలకు, యువతకు, వికలాంగులకు 4, 4, 2 పాళ్లలో వడ్డీ లేని అప్పులుగా ఇవ్వాలని నియమం పెట్టారు.

ఇప్పుడు మీ పరిచయస్థుడి ఆలోచనను కౌన్సిల్ ఖజానాధికారి కళ్లతో చూడండి. వేలం హాలులో టన్నుల సరుకు ఒకేచోట, ఒకే ధరకు, బ్యాంకు ద్వారా చేతులు మారుతుంది. సెస్సు దానంతటదే విడివడి ఖాతాలో పడుతుంది. అదే సరుకు వెయ్యి ఇళ్ల దగ్గర రొక్కానికి అమ్ముడైతే, వెయ్యి ఇళ్ల దగ్గరా వసూలుకు కాపలా ఉండాలి. అందువల్ల రైతు మేలు అనే మాట నిజమే అయినా, ఒకే గుమ్మం గుండా అమ్మకం జరగాలని పట్టుబట్టడంలో జిల్లా ఆదాయం కూడా ఉంది. ఆయన లైసెన్సు అడగబోయే కార్యాలయమే ఆ గుమ్మం మూసి ఉండాలని అందరికంటే ఎక్కువగా కోరుకునేది.


ఓడరేవు శ్రీనివాస్, విశాఖపట్నం

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ పేజీని యథాతథంగా ఆయనకు పంపాను. ఆయన నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. రైతుకు ఇష్టం లేకపోయినా సంఘానికే అమ్మాలా, ఇది గుత్తాధిపత్యం కాదా అన్నది మొదటిది. అక్కడే చిన్న కర్మాగారం పెట్టి పప్పు తీసి తెచ్చుకుంటే వేలం గొడవ తప్పుతుందా అన్నది రెండవది.


విశ్రాంత పరిషత్ ఉద్యోగి, గోపాలపట్నం

గుత్తాధిపత్యమే. మన ఏజెన్సీ ప్రాంతంలో చింతపండు, అడ్డాకుల కొనుగోలు మీద విశాఖపట్నం కేంద్రంగా ఉన్న గిరిజన సహకార సంస్థకు 1979 నిబంధన ద్వారా ఇచ్చిన హక్కు కూడా అలాంటిదే. దళారీ నుంచి కాపాడడానికి పెట్టిన సంస్థ ధర తక్కువ ఇచ్చినా, డబ్బు ఆలస్యం చేసినా గిరిజనుడు మళ్లీ రాత్రిపూట దళారీ దగ్గరికే వెళ్లేవాడు. అక్కడా అదే కథ. గిడ్డంగి పద్ధతి మొదటి ఏళ్లలో సగానికి పైగా ధర ముందిచ్చి, మిగతాది అమ్మకం తర్వాత ఇచ్చేవారు. ఆ రెండో విడత సరిగా రాక, 2013 ఏప్రిల్‌లో పక్కనున్న లిండి ప్రాంతపు లివాలేలో జనం తిరగబడి నాయకుల ఇళ్లు తగలబెట్టారు. 2015 ఎన్నికల్లో తాండహింబా పార్లమెంటు స్థానం ప్రతిపక్షమైన సీయూఎఫ్ చేతికి వెళ్లింది. దాని వెనుక జీడి ఒక్కటే ఉందని అనను కానీ, జీడి లేదని మాత్రం ఎవరూ అనలేరు.


కాశీబుగ్గ వర్తకుడు, ప్రస్తుతం గాజువాక

పరిషత్ గారితో నాకు కొంత భేదం ఉంది. గిరిజన సహకార సంస్థ తానే కొంటుంది, తానే ధర చెబుతుంది. అక్కడి సంఘం కొనదు, కొనేవారిని పోటీకి కూర్చోబెడుతుంది. ఆ తేడా చిన్నది కాదు. రొక్కం కాలంలో ఊరికి ఒక్క కొనుగోలుదారే వచ్చేవాడు, అతను చెప్పిందే ధర. ఇప్పుడు డబ్బు ఒకే విడతగా బ్యాంకు ఖాతాలో పడుతోంది. ఆలస్యాలు, సంఘాల్లో తూకం తగాదాలు పూర్తిగా పోలేదు కానీ, పాత రోజులే మేలనే రైతు నాకు కనబడలేదు.

రెండో ప్రశ్నకు జవాబు: కర్మాగారం పెట్టడాన్ని ప్రభుత్వం ఎర్రతివాచీ పరిచి ఆహ్వానిస్తుంది. పంటలో అత్యధిక భాగం నేటికీ ముడి పిక్కగానే ఓడ ఎక్కుతోంది, దాన్ని ఆపాలన్నది వారి చిరకాల వాంఛ. ముడి పిక్క ఎగుమతి మీద 15 శాతం లేదా టన్నుకు 160 డాలర్లు, ఏది ఎక్కువైతే అది, సుంకం ఉంది. పప్పుగా తీసుకెళ్తే ఆ సుంకం లేదు. వినడానికి బాగుంటుంది. అయితే 1970లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో కట్టిన పెద్ద కర్మాగారాలు పిక్క లేక మూతపడిన చరిత్ర ఆ ప్రాంతానిదే. పలాసలో తరాలుగా పిక్క కొట్టి, పొట్టు తీసే ఆడవాళ్ల చేతివేగం అక్కడ ఒక్క సీజనులో తయారుకాదు. పీఠభూమి మీద నీళ్ల సంగతి మాస్టారు చెప్పనే చెప్పారు. పైగా 2020 అక్టోబరులో మొజాంబిక్ వైపు నుంచి వచ్చిన సాయుధులు రువుమా ఒడ్డున కితాయా గ్రామం మీద దాడి చేశాక, నదికి దగ్గరగా ఉన్న ఊళ్లలో పెట్టుబడి పెట్టేముందు భీమా కంపెనీలు రెండుసార్లు ఆలోచిస్తున్నాయి.

దారి మాత్రం బాగుపడుతోంది. మ్త్వారా నుంచి మ్నివాటా దాకా 50 కిలోమీటర్ల తారు రోడ్డు పూర్తయింది, అక్కడి నుంచి తాండహింబా, నెవాలా మీదుగా మసాసి దాకా పని ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు అప్పుతో చేపట్టారు. వానాకాలంలో ఆ ఎర్ర ఇసుకలో లారీ దిగబడితే సరుకు రేవుకు చేరే తేదీ దేవుడికే తెలిసేది. మ్త్వారా రేవు సహజంగా లోతైనది. 1940ల చివర బ్రిటిష్‌వారు తలపెట్టి విఫలమైన వేరుశనగ పథకం కోసం కట్టిందే అయినా, ఈనాటికి జీడికి అక్కరకు వచ్చింది. ఇటీవల కొత్త బెర్తు కూడా కట్టారు.

మీ పరిచయస్థుడు చేయవలసింది ఇది. జిల్లా కార్యాలయానికి వెళ్లనక్కరలేదు. ముడి పిక్క కొనుగోలు లైసెన్సు ఇచ్చేది టాంజానియా జీడిపిక్కల బోర్డు, దాని ప్రధాన కార్యాలయం మ్త్వారాలోనే ఉంది. ఆయన స్థాయికి సొంత లైసెన్సు, బ్యాంకు హామీ భారం అవుతాయి కాబట్టి, ఇప్పటికే నమోదైన కొనుగోలు సంస్థతో ఒప్పందం చేసుకుని, వేలానికి ముందు పెద్ద గిడ్డంగిలో నమూనా కోసి చూసుకునేందుకు తన మనిషిని ఒకరిని పంపితే చాలు. ఒప్పందంలో పౌన్ల లెక్క, తేమ, రేవులో మళ్లీ పరీక్ష చేసే హక్కు, ఈ మూడూ రాయించుకోమనండి. సీజను మొదటి వేలాల సరుకు బాగా ఎండి ఉంటుంది. డిసెంబరు వానలు పట్టుకున్నాక వచ్చే సరుకుకు తేమ ఎక్కువ, ధర తక్కువ. చిన్న కర్మాగారానికి మొదటిదే కలిసివస్తుంది.